మణికట్టు మీది స్టేషను



మాది వర్ధన్నపేట. వరంగల్లు నుండి ఖమ్మము పోవు పెద్దదారి మీది ఊరు. మా ఊరికి కోనారెడ్డి చెఱువున్నది, బస్సులున్నవి, ప్రత్తియు మిరపయు పండు నేల యున్నది. కాని రైలు లేదు. రైలెక్కవలెనన్న నేటికిని వరంగల్లు పోవలసినదే. నేనా ఊరిలో బడిపంతులుగ నుండి విరమించినవాడను. నేటి ప్రసంగమునకు పెట్టిన పేరు వినగానే, రైలే లేని ఊరివాడు మణికట్టు మీద స్టేషను కట్టినాడా యని మీరు నవ్వుకొనవచ్చును. నా మాట తుదివఱకు విని పిమ్మట నవ్వుడు.

నా యెడమ మణికట్టున నొక స్మార్టు వాచి యున్నది. చొక్కా జేబులో నొక మడత ఫోనున్నది. రెండేండ్ల క్రిందట దసరాకు వచ్చినప్పుడు మా అబ్బాయి హైదరాబాదు నుండి తెచ్చి యిచ్చినాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు వాచి చప్పుడు చేయక మణికట్టును మెల్లగా తట్టి లేపును. ప్రక్కవారికి నిద్రాభంగము లేదు. ఎనిమిదింటికి రక్తపుపోటు మాత్రను జ్ఞాపకము చేయును. చెఱువుకట్ట మీద నడచినచో అడుగులు లెక్కించును. ఎవరైన ఫోను చేసినచో వారి పేరు మణికట్టుననే కనబడును. అవసరమైనచో ఫోను తీయుదును, లేనిచో ఊరకుందును. ఫోను మడత విప్పినచో చిన్న పుస్తకమంత యగును. పెద్ద యక్షరములతో వార్తాపత్రిక చదువుకొందును, ఎనుమాముల మార్కెట్టులో మిరప యేమి ధర పలికినదో చూతును. మడచినచో మఱల జేబులో నిమిడిపోవును.

మా ఈడువారు కొందఱు వీనిని జూచి, ఇవి నిన్నమొన్నటి వింతలు, వీనికి చరిత్ర యేమున్నదనిరి. నేను విచారించి చూడగా వీనికి మన జిల్లాలోనే నూఱేండ్లకు పైబడిన చరిత్ర కనబడినది. మా తాతల నాటి పల్లెటూరివానికి, కాలమును కబురును ఒకే కప్పు క్రింద దొరకిన చోటు రైలు స్టేషను. గోడమీద గడియారము, గదిలో బల్లమీద తంతియంత్రము. ఆ రెండును తరువాత వేఱువేఱు దారులు పట్టినవి. గడియారము మణికట్టునకు వచ్చినది, తంతి జేబులోనికి వచ్చినది. నేడవి మఱల కలిసికొన్నవి. ఈ కథను మీకు విన్నవించెదను.

రైలునకు పూర్వము మన పల్లెలలో కాలమెట్లు తెలిసెడిదో మీకు చెప్పనక్కఱలేదు. తొలికోడి కూత, వేగుచుక్క పొడుపు, మూరెడు పొద్దు, బారెడు పొద్దు, నడినెత్తి పొద్దు, పసులు మళ్ళువేళ, దీపాలవేళ. సేద్యమునకు ఈ లెక్క చాలును. పెండ్లి ముహూర్తమునకు మాత్ర మింతకన్న సన్నని కొలత కావలెను. అందులకు సూర్యసిద్ధాంతమున చెప్పబడిన రాగిగిన్నె యుండెను. అడుగున సన్నని బెజ్జము గల ఆ గిన్నెను నీటిపై నుంచినచో మెల్లగా నీరు నిండి మునుగును. ఒక పగలు ఒక రాత్రి కలిసి 60 మాఱులు మునుగవలెను. ఒకమాఱు మునిగిన నొక ఘడియ, అనగా నేటి లెక్కకు 24 నిమిషములు. ఏడున్నర ఘడియలొక జాము. గడియారమను మాటలో ఆ ఘడియ నేటికిని నిలిచి యున్నది. గిన్నె మునిగినదని యొకడు చూచి చెప్పును, పదుగురు విందురు. కాలము ఊరుమ్మడి వస్తువు. ఏ ఊరి మధ్యాహ్నము ఆ ఊరిదే.

రైలు వచ్చిన తరువాత ఈ పద్ధతి సాగలేదు. ఒకే జత పట్టాల మీద ఎదురెదురుగ వచ్చు బండ్లకు ఒక ఊరి మధ్యాహ్నమొకటి, వేఱొక ఊరి మధ్యాహ్నమొకటి యైనచో ప్రమాదము తప్పదు. నిజాము రాజ్యమున 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు రైలు నడచినది. 1889 నాటికి అది వరంగల్లు మీదుగ బెజవాడకు చేరినది. ఆ దినములలో ఈ దేశపు రైళ్ళు మద్రాసు కాలము ననుసరించెడివి. 1792లో ఈస్టిండియా కంపెనీవారు మద్రాసున నెలకొల్పిన వేధశాలలో నక్షత్రములను జూచి కాలము నిర్ణయించి, తంతి ద్వారా స్టేషనులకు సంకేతమును పంపెడివారు. తంతి మన దేశమున 1850లో కలకత్తా నుండి డైమండు హార్బరునకు ప్రయోగముగ వేయబడి, 1855లో ప్రజలకు తెఱవబడినది. కనుక స్టేషనులోని గడియారము తనంతట తాను కాలము నెఱిగినది కాదు. ప్రక్కనున్న తంతి చెప్పగా విని తన్ను సరిదిద్దుకొనెడిది. ఈ సంగతిని జ్ఞాపకముంచుకొనుడు. తరువాత మఱల వచ్చును.

1906 జనవరి 1 నుండి దేశమంతటికి ఒకే కాలము ఏర్పడినది. అది గ్రీనిచ్ కాలమునకు 5 గంటల 30 నిమిషములు ముందుండును. దానికి ఆధారమైన 82½ డిగ్రీల రేఖ మన కాకినాడకు సమీపమున పోవును. వర్ధన్నపేట దానికి పడమరగా దాదాపు మూడు డిగ్రీల దూరమున నున్నది. సూర్యునికి ఒక డిగ్రీ దాటుటకు 4 నిమిషములు పట్టును గదా. కనుక గడియారము పండ్రెండు చూపిన పిమ్మట సగటున 12 నిమిషములకు గాని మా ఊరిలో నీడ మిక్కిలి పొట్టిది కాదు. మద్రాసు కాలమున ఈ భేదము మూడు నిమిషములే. ఋతువును బట్టి కొంత హెచ్చుతగ్గులున్నను సగటు లెక్క యిదియే. పెద్ద నగరములు సైతము తమ పొద్దును తేలికగ వదలుకొనలేదు. కలకత్తా 1948 వఱకు, బొంబాయి 1955 వఱకు తమ తమ కాలములనే వాడుకొన్నవి. మా వంటి పల్లెల నెవరును అడుగలేదు. మా పొద్దు మాకుండగనే రైలు పొద్దు వచ్చి పైన కూర్చున్నది.

కబురు సంగతి నేను కన్నులార చూచినది చెప్పెదను. 1964లో నాకు పదేండ్లు. మా మేనమామ బెల్లంపల్లి బొగ్గుగనిలో పనిచేయుచుండెను. ఒకనాటి సాయంత్రము మాకు తంతి వచ్చినది. తంతి యనగానే మా అమ్మ వాకిట కూలబడి యేడువసాగెను. ఆ దినములలో తంతి యనగా చావుకబురే. అది ఇంగ్లీషున నున్నది. మా నాయన దానిని పట్టుకొని పంతులుగారి యింటికి పరుగెత్తెను. మామకు జబ్బుగా నున్నది, వెంటనే రావలెనని దానిలోని మాట. అది దారిలో నెక్కడ ఆగెనో, మాకు చేరుసరికి రెండు రాత్రులు గడచి యుండెను. మా అమ్మ బెల్లంపల్లి చేరునప్పటికి అంతయు ముగిసినది. ఆమె తన తమ్ముని ముఖము చూడలేదు. ఆమె బ్రదికినన్నినాళ్ళు, కబురు ఒక్కదినము ముందు వచ్చియుండిన నను మాట మా యింట వినబడుచునే యుండెడిది. కబురు వేగము మా యింట నెంత బరువైన సంగతియో దీనివలన మీరు గ్రహింపవచ్చును.

ఇక గడియారము నడచిన దారి చూతము. మొదట అది పదుగురకు కనబడు ఎత్తున నుండెను. హైదరాబాదులో చార్మినారునకు నాలుగు దిక్కుల గడియారములను 1889లో అమర్చిరి. మన రైలు బెజవాడ చేరిన సంవత్సరమే యది. సాలార్‌జంగు మ్యూజియములో గంట కొట్టుటకు చిన్న బొమ్మ తలుపు తీసికొని వచ్చు గడియారమును మీలో పలువురు జనముతో గూడ నిలువబడి చూచియే యుందురు. గొప్పవారికి గొలుసుతో జేబులో నుంచు గడియారములుండెడివి. 1914 నుండి 1918 వఱకు జరిగిన మహాయుద్ధమున, తుపాకి పట్టిన సైనికునికి జేబు తడుముకొను వ్యవధి లేకపోయెను. అందువలన గడియారము మణికట్టునకు చేరి, యుద్ధానంతరము పురుషులందఱకు వాడుకైనది. మన దేశమున 1961లో బెంగుళూరున హెచ్.ఎం.టి. వారు జపాను సిటిజెన్ కంపెనీ సహాయముతో వాచీలు చేయసాగిరి. పెండ్లికొడుకునకు వాచి, సైకిలు, రేడియో యను మాట మన పల్లెలలో వినబడెడిది. నాకు 1978లో మామగారు పెట్టిన వాచి హెచ్.ఎం.టి.దే. ప్రతి యుదయము దానికి చావి యిచ్చుట నాకు సంధ్యావందనము వంటి పని. ఆ వాచీల వ్యాపారమును 2016లో మూసివేయ నిశ్చయించిరి. ఈ నడుమ 1969లో జపానున స్ఫటికపు ఱాతితో నడచు క్వార్ట్జ్ వాచి అమ్మకమునకు వచ్చి, చావి యిచ్చు పని తప్పించినది. నేడు స్మార్టు వాచికి దినదినము విద్యుత్తు నందింపవలసి వచ్చుచున్నది. ఒక విధముగ చావి కాలము తిరిగివచ్చినది.

కబురు నడచిన దారి వేఱు. 1973 ఏప్రిల్ 3న అమెరికాలో మార్టిన్ కూపర్ అను ఇంజనీరు వీధిలో నిలువబడి చేతిఫోనుతో మాటలాడెను. మన దేశమున 1995 జులై 31న కలకత్తా నుండి ముఖ్యమంత్రి జ్యోతిబసు ఢిల్లీలోని కేంద్రమంత్రి సుఖరామ్‌తో సెల్‌ఫోనున మాటలాడుట తొలిమాట. మఱుసటి యేడు మోటరోలా వారు ముడుచుకొను ఫోనును తెచ్చిరి. అందు ముడుచునది ఫోను దేహము, తెఱ కాదు. 2013 జులైలో మన దేశపు తంతి సేవ ముగిసినది. మా అమ్మను అంత యేడిపించిన తంతి కాగితము ఇక నెవరి యింటికిని రాదు. తెఱయే మడతపడు ఫోను ప్రజల చేతికి వచ్చినది 2019 ప్రాంతమున. ఆ యేటి ఏప్రిల్ మాసమున శాంసంగ్ వారు పరీక్షకై కొందఱకిచ్చిన ఫోనులలో తెఱలు పాడగుటచే, విక్రయము సెప్టెంబరు వఱకు వాయిదాపడెను. తెఱను మడచుట యంత కష్టము. నేడు కొన్నిట తలవెండ్రుక కన్న పలుచని గాజును వాడుచున్నారు. ప్రత్తి యేరు దినములలో దూదిపీచు, మిరప కల్లములలో దుమ్ము ఆ మడతబందు లోనికి పోకుండ నేను ఫోనును గుడ్డసంచిలో నుంచుకొందును.

మడచుట మనకు క్రొత్తయా? మన పూర్వులకు కడితమను లెక్కపుస్తకముండెను. గుడ్డకు బొగ్గుమసియు చింతగింజల జిగురును పట్టించి, ఆరబెట్టి, అటునిటు మడతలుగ మడచి, బలపముతో దానిపై వ్రాసెడివారు. విప్పినచో చాపంత, మడచినచో చంకలో నిముడునంత. తుడిచి మఱల వ్రాసికొనవచ్చును. మడత ఫోనును మొదట చేతబట్టినప్పుడు నాకు తోచినది ఆ కడితమే.

ఇప్పుడు ఈ రెండును కలిసికొన్న వైనము వినుడు. 2013, 2015 సంవత్సరముల నడుమ పెద్ద కంపెనీలవారు ఫోనుతో జోడించు వాచీలను తెచ్చిరి. నా వాచికి తనదంటూ ఫోను లైను లేదు. అది జేబులోని ఫోనుతో బ్లూటూత్ అను చిన్న రేడియో ద్వారా మాటలాడును. మన జగదీశచంద్ర బోసు 1895లో కలకత్తాలో గోడల కావలి గంటను తీగ లేకయే మ్రోగించి చూపినది ఈ జాతి తరంగములతోనే. మీరిప్పుడు నా మాట వినుచున్నదియు వానివలననే. అయితే వాచి రేడియో పరిధి సుమారు 30 అడుగులు. ఫోనును మంచము మీద మఱచి పొలము పోయినచో వాచికి కబురు తెగిపోవును; కాలమును, నాడిని మాత్రము చూపుచుండును. వాచి తన కాలమును ఫోను నుండి సరిదిద్దుకొనును. ఫోను దూరపు స్తంభముల నుండి తెలిసికొనును. మన దేశపు కాలమును నేడు ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలవారు పరమాణు గడియారములతో కాపాడుచున్నారు. స్టేషనులో గడియారము తంతిని విని తన్ను సరిదిద్దుకొన్న పద్ధతియే యిది. అందుచేతనే నేను దీనిని మణికట్టు మీది స్టేషనంటిని.

ఆ పాత స్టేషనునకు తెలియని పని యొకటి దీనికి తెలియును. వాచి అడుగున ఆకుపచ్చని దీపములున్నవి. ఎఱ్ఱని రక్తము ఆకుపచ్చని కాంతిని పీల్చుకొనును. గుండె కొట్టినప్పుడెల్ల మణికట్టున రక్తము హెచ్చి, తిరిగివచ్చు కాంతి తగ్గును. ఆ హెచ్చుతగ్గులను లెక్కించి వాచి నాడి చెప్పును. 1707లోనే ఇంగ్లండున జాన్ ఫ్లోయర్ అను వైద్యుడు నాడి లెక్కించుటకై సరిగా ఒక నిమిషము నడచు వాచిని చేయించెను. నాటినుండి గడియారమునకును నాడికిని చుట్టరికము. కాని లెక్క చెప్పుట వేఱు, రోగము చెప్పుట వేఱు. మన వైద్యుడు మూడు వ్రేళ్ళు మణికట్టున నుంచి, ముఖము చూచి, నిద్ర పట్టినదా యని యడిగెడివాడు. వాచి యంకెను మాత్రమే యిచ్చును. ఆ యంకెను జూచి నేను మాత్ర మానను, హెచ్చింపను, వైద్యునికి చూపుదును.

ఇక నాకు జరిగినది చెప్పి ముగించెదను. నిరుడు కార్తికమాసమున ఒక సాయంకాలము చెఱువుకట్ట దిగుచుండగ తూము దగ్గఱి మెట్టు మీద కాలు జాఱి పడితిని. కుడిప్రక్క పడుటచే ఆ చేయి క్రింద చిక్కుకొన్నది; జేబులోని ఫోను నందుకొనలేకపోతిని. చీకటి పడుచున్నది. అప్పుడు ఎడమ మణికట్టున వాచి గట్టిగా తట్టి, పడినట్లున్నదే, బాగుంటివా యని యడిగినది. జవాబు నొక్కుటకు నాకు రెండవ చేయి లేదు. దాదాపొక నిమిషము చూచి, అది ఫోను ద్వారా హనుమకొండలోని మా అమ్మాయికి కబురు పంపినది, నేను పడిన తావును పటముతో చూపినది. అమ్మాయి మా పొరుగింటి యాతనికి ఫోను చేసెను. అతడు టార్చిలైటుతో పరుగున వచ్చి నన్ను లేవనెత్తెను. చూడగా అతడు కట్ట క్రింద, నాకు రెండువందల గజముల దూరముననే, తన పసులకొట్టమున నుండెను. చెవిలో పాట పెట్టుకొని యుండుటచే నా అఱపు వినబడలేదట. నన్ను భుజము మీద నానించుకొని నడిపించుచు అతడన్న మాట నేను మఱవను: "సారూ, నేను గీడనే ఉంటిగదా! కబురు హనుమకొండ దాక పోయి రావాల్నా?"

ఆ రాత్రి నొప్పితో నిద్ర పట్టక చాలసేపు ఆలోచించితిని. మా అమ్మకు రెండు రాత్రులు పట్టిన కబురు నా విషయమున రెండు నిమిషములలో హనుమకొండకు పోయినది. ఆ మేలును నేను కాదనను. అయినను నన్ను లేవనెత్తినది పొరుగువాని చేయి. మఱునాడు అబ్బాయి చేత, ఆపదలో కబురు పోవలసిన పేర్లలో మొదట పొరుగింటి యాతని నంబరును చేర్పించితిని. బిడ్డల పేర్లు తరువాత. ఇట్టి వాచి మీకు మీ బిడ్డలు కొనియిచ్చినచో మొదట చేయింపవలసిన పని యిదియే. హైదరాబాదున 2005లో మొదలైన 108 సేవ నంబరును కూడ ఇంటిల్లిపాదికి నేర్పుడు.

ఇంకొక మాట. పాత స్టేషనున అక్షరము రానివానికి తంతి చదివి పెట్టువాడొకడుండెను. లేనిచో మా నాయన వలె పంతులుగారి యింటికి పోవచ్చును. నేడు స్టేషను ఎవనిది వాని చేతనున్నది. చదువురాని ముసలివాడు తన చేతిలోని ఫోనునకు వచ్చిన కబురేదో తెలియక, ఎవడో బ్యాంకువాడనని పలికి యడుగగ ఓటీపీ చెప్పి, ప్రత్తి యమ్మిన పైకమును పోగొట్టుకొనుచున్నాడు. అట్లు మోసపోయినవారు వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెనని వారికి చెప్పువారు కావలెను. మన నాడి లెక్క, మనము నడచిన దారి, నిద్రించిన గంటలు ఏ కంపెనీవారి లెక్కలలో చేరుచున్నవో అడిగి తెలిసికొను హక్కును కలిగించుచు 2023లో మన పార్లమెంటు ఒక చట్టము చేసినది. ఆ సంగతియు వారికి చదివి వినిపించువారు కావలెను. పెద్దలారా, మీరు చదువుకొన్నవారు. ఆ స్టేషనుమాస్టరు పని ఇప్పుడు మీది. సాయంకాలము అరుగు మీద కూర్చున్నప్పుడు ప్రక్కవాని ఫోనునకు వచ్చిన కబురు ఒకటి చదివి పెట్టుడు.

వీలైనచో రేపు మధ్యాహ్నము వాకిట నొక కఱ్ఱ నాటి, గడియారము పండ్రెండు చూపు ప్రాంతమున నీడ యెప్పుడు మిక్కిలి పొట్టిదగునో మీ మనుమలతో గూడి చూడుడు. మీ ఊరి మధ్యాహ్నము ఇంకను మీ ఊరిలోనే యున్నదని వారికి తెలియును.